కస్టమర్ అందుబాటులో లేరు

నేను ఇంట్లో లేనట. కొరియర్ కంపెనీ మెసేజ్ పెట్టేదాకా ఈ సంగతి నాకూ తెలియదు. పొద్దుటి నుంచి వీధి తలుపు బార్లా తెరిచి, గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని, చేతిలో ఫోను పట్టుకుని కూర్చున్న మనిషెవరో మరి. ‘డెలివరీకి ప్రయత్నించాం. కస్టమర్ అందుబాటులో లేరు.’ ఫోను మోగలేదు, బెల్లు మోగలేదు, వీధిలో బండి ఆగిన చప్పుడైనా లేదు. అయినా ప్రయత్నం జరిగిపోయింది.

కంపెనీ అబద్ధమాడిందని అనడానికి నేనెవర్ని? వాళ్ల దగ్గర అన్ని కంప్యూటర్లు, అంతమంది సిబ్బంది. నేనొక్కణ్ని. మెజారిటీ అభిప్రాయం ప్రకారం నేను లేను. అప్పీలు చేసుకుందామని కస్టమర్ కేర్‌కి ఫోన్ కొట్టాను. ముందు యంత్రం పలికింది. నా కాల్ వాళ్లకు ఎంతో ముఖ్యమని చెప్పి, ఆ ముఖ్యమైన కాల్‌కి చాలాసేపు సంగీతం వినిపించింది. ఆ తర్వాత ఒకమ్మాయి లైన్లోకి వచ్చింది.

“సర్, మా రికార్డు ప్రకారం మీరు ఇంట్లో లేరు.”

“ఇంట్లోంచే మాట్లాడుతున్నానమ్మా.”

“అర్థమైంది సర్. కానీ సిస్టమ్‌లో లేరని చూపిస్తోంది.”

“సిస్టమ్‌లో లేకపోతేనేం, ఇంట్లో ఉన్నాను కదా.”

“మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సర్. రేపు ఇంట్లో ఉంటారా?”

“ఇవాళ కూడా ఉన్నాను.”

“సరే సర్, రేపు ఉంటారని నోట్ చేస్తున్నాను. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది మధ్యలో వస్తారు. దయచేసి అందుబాటులో ఉండండి.”

“కాస్త టైమ్ చెబితే...”

“తొమ్మిదికి సర్.”

“ఏ తొమ్మిదికి?”

లైన్ కట్టయింది.

ఇలాంటి మర్నాడు ఎలా గడుస్తుందో మీకు నేను చెప్పాలా? ఇంట్లో ఒకరు స్నానానికి వెళ్లాలంటే ఇంకొకరు డ్యూటీ ఎక్కాలి. షవర్ చప్పుడులో బెల్లు వినపడకపోతే ఆ పాపం మన ఖాతాలోనే పడుతుంది. ఫోను సైలెంట్‌లో పెట్టడం నేరం. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే గుండె ఝల్లుమంటుంది, ఎత్తితే అవతల ఎవరో పర్సనల్ లోన్ కావాలా అంటాడు. లోన్ ఇచ్చేవాడికి మనం ఎప్పుడూ అందుబాటులోనే ఉంటాం, అదేం చిత్రమో.

ఉబుసుపోక ట్రాకింగ్ పేజీ తెరుస్తాం. 1977లో భూమి వదిలి వెళ్లిన వాయేజర్ 1 వ్యోమనౌక ఇప్పుడు 2,400 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. అక్కడి నుంచి సిగ్నల్ రావడానికే 22 గంటలు దాటుతుంది. అయినా అదెక్కడుందో శాస్త్రవేత్తలు వేలు పెట్టి చూపించగలరు. నా పార్సిల్ మాత్రం ‘దారిలో ఉంది’. నిన్నా దారిలోనే ఉంది, మొన్నా దారిలోనే ఉంది. అంత తీరిగ్గా తిరిగి రావడానికి అది తీర్థయాత్రకు పోలేదు కదా!

ట్రాకింగ్ అంటే మన పార్సిల్‌ని ఎవరో కంట కనిపెట్టుకుని ఉంటారని చాలామంది భ్రమ. పార్సిల్‌కి కళ్లూ లేవు, నోరూ లేదు. దాని ఒంటి మీద ఉన్నదల్లా బార్‌కోడ్. 1952లో పేటెంట్ పుచ్చుకున్న ఆ గీతల మీద ఎవరైనా స్కానర్ వెలుగు పడేసినప్పుడే పేజీ కదులుతుంది. ఎవరూ పడేయకపోతే పాత ముక్కే పట్టుకుని కూర్చుంటుంది. ‘లేబుల్ తయారైంది’ అని కనిపించగానే సంబరపడేవాళ్లున్నారు, పాపం. అమ్మినవాడు స్టిక్కర్ ప్రింట్ తీశాడు, అంతే. సరుకు ఇంకా అతని గోడౌన్‌లోనే ఉండొచ్చు.

ఇక హబ్బు మాట, అంటే పార్సిళ్లన్నీ చేర్చి వేరుచేసే కేంద్రం సంగతి. 1973 ఏప్రిల్ 17 రాత్రి అమెరికాలోని మెంఫిస్‌లో ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ అనే కొరియర్ కంపెనీ వాళ్లు 14 విమానాలతో 186 ప్యాకెట్లను 25 నగరాలకు పంపారు. అన్నిటినీ ఒకచోటికి తెచ్చి, రాత్రికి రాత్రే వేరుచేసి, మళ్లీ నలుదిక్కులకూ పంపడం వాళ్ల పద్ధతి. పక్క ఊరి నుంచి రావాల్సిన పార్సిల్ కూడా ఎక్కడో దూరాన ఉన్న హబ్బును చూసుకునే వస్తోందంటే కారణం ఆ లెక్కే. లెక్క మంచిదే, నాకు పేచీ లేదు. వందల కిలోమీటర్లు నిక్షేపంగా వచ్చిన పెట్టె మా వీధి మలుపు దగ్గరికొచ్చేసరికి ఎందుకు మాయమవుతుందన్నదే నా బాధ.

దానికి జవాబు డెలివరీ కుర్రాడి ఫోన్లో ఉంది. పొద్దున్నే బండికి మోయలేనన్ని పార్సిళ్లు ఎత్తుతారు. చాలాచోట్ల ఇచ్చిన పార్సిల్‌కే డబ్బు, ఇవ్వనిదానికి తిరిగిన పెట్రోలు కూడా దండగే. చీకటి పడుతుంది, సంచీలో ఇంకా మిగిలే ఉంటాయి. ఒక్కోదానికీ ఏదో ఒక కారణం నొక్కితే తప్ప యాప్ అతణ్ని ఇంటికి పోనివ్వదు. కారణాల పట్టీ తెరుచుకుంటుంది. అడ్రస్ సరిగా లేదు. ఫోన్ ఎత్తలేదు. కస్టమర్ లేరు. కస్టమరే వాయిదా వేయమన్నారు. పైనుంచి కిందిదాకా తప్పంతా కస్టమర్‌దే! ‘టైమ్ చాలలేదు’ అని నిజం చెబుదామనుకున్నా దానికి బటన్ ఉండదు. తప్పు కస్టమర్ మీద పడితే ఆ ఆలస్యం కంపెనీ లెక్కలోకి రాదు. పార్సిల్ ఇచ్చిన వ్యాపారికి చూపించే రిపోర్టు శుభ్రంగా ఉంటుంది. ఆడలేక మద్దెల ఓడు అనడం పాత మాట. వీళ్లు మద్దెల ఓడని నమోదు చేయడానికి సాఫ్ట్‌వేరే రాయించుకున్నారు.

ఆ అబద్ధం ఆడింది కుర్రాడు కాదు. ఏసీ గదిలో కూర్చుని ఆ పట్టీ తయారుచేయించినవాళ్లు ఆడించారు. నాకొచ్చేది రెండు పుస్తకాలు, ఓ చార్జరు, ఆలస్యమైతే కొంపలేం మునగవు. కానీ అదే సంచీలో ఒకరి బీపీ మాత్రలుంటాయి, ఇంకొకరి పాస్‌పోర్టు ఉంటుంది. గుమ్మంలో కళ్లు కాయలు కాసేలా చూస్తున్న మనిషిని ‘లేరు’ అని రాసి, అలా కొన్నిసార్లు రాశాక పార్సిల్‌ని పంపినవాడికే తిప్పి పంపేస్తారు. మంచం మీదున్న పెద్దావిడ ఎక్కడికి పోతుంది? సిగ్గుండాలి. మందుల పెట్టెను తిప్పి పంపి, దాన్ని రిపోర్టులో కస్టమర్ తప్పుగా చూపించుకుని, ‘సకాల సేవ’ అని ప్రకటనలు వేసుకోవడానికి నిజంగా సిగ్గుండాలి.

ఫిర్యాదు చేద్దామని చూస్తే మనకూ ఓ పట్టీ ఇచ్చారు. ప్యాకింగ్ చిరిగిందా? వస్తువు మారిందా? ఏజెంట్ ప్రవర్తన బాగాలేదా? అసలు రానే రాలేదని చెప్పే వీలు ఇక్కడా లేదు. దగ్గరగా ఉన్నది ‘ఏజెంట్ ప్రవర్తన’ ఒక్కటే. అది నొక్కితే దెబ్బ ఆ కుర్రాడికే తగులుతుంది. నేను నొక్కలేదు.

వాళ్ల పట్టీలో ఒక్క లైను చేర్చమనండి: ‘మేమే రాలేకపోయాం.’ ప్రోగ్రామర్‌కి అదొక పూట పని కూడా కాదు. అయినా చేర్చరు. చేరిస్తే ఆ బటన్ రోజుకెన్నిసార్లు నొక్కుతున్నారో లెక్క తేలిపోతుంది మరి.