హనుమకొండ చౌరస్తాలో మహాసముద్రం

హనుమకొండ చౌరస్తాకు అతి దగ్గరి సముద్రతీరమే 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నా, ఆ సముద్రం అడుగున ఏముందో అక్కడి చాయ్ బండి దగ్గర తెలియనివారు లేరు. తీరంలో పుట్టి పెరిగిన బెస్తవారు వలలో పడినదాని గురించి మాత్రమే మాట్లాడతారు కనుక వారి జ్ఞానానికి ఒక హద్దు ఉంది. మనకు వలే లేదు కనుక హద్దూ లేదు. తీరానికి దూరమైన కొద్దీ జంతువు పొడవు పెరుగుతుందన్న సూత్రం కూడా ఇక్కడే రుజువైంది. శాస్త్రవేత్తలు 12, 13 మీటర్ల దగ్గర ఆపేసిన జెయింట్ స్క్విడ్ అనే చేతుల గుంపున్న సముద్రజీవి, చౌరస్తాకు చేరేసరికి వేయిస్తంభాల గుడిని మూడు చుట్లు చుట్టగా ఇంకా తోక మిగిలింది. (దానికి తోక ఉండదన్న కుర్రవాడి చాయ్ డబ్బులు ఆ రోజు ఎవరూ కట్టలేదు.)

శాస్త్రవేత్తల నిదానం చూస్తే జాలి కలుగుతుంది. స్పెర్మ్ తిమింగలం కడుపులో దొరికిన ముక్కలను బట్టి 1925లో దాని జాతిదే అయిన కలోసల్ స్క్విడ్‌కు పేరు పెట్టి, అది తన నీళ్లలో ప్రాణాలతో ఈదుతుండగా వీడియో తీయడానికి సరిగ్గా 100 ఏళ్లు తీసుకున్నారు. 2025లో సౌత్ శాండ్‌విచ్ దీవుల దగ్గర, 600 మీటర్ల లోతున కనిపించిన ఆ మహాకాయం పొడవు 30 సెంటీమీటర్లు. అది పిల్ల అట. అంతమాత్రం కొర్రమీను మన చెరువుల్లోనే దొరుకుతుండగా అంత దూరం ఓడ వేసుకుని పోవడం దేనికని ఒక పెద్దమనిషి అడిగారు.

లోతైన సముద్రపు అడుగులో మనిషి కంటితోనో కెమెరాతోనో చూసింది 0.001 శాతం కన్నా తక్కువేనని అదే ఏడాది ఒక పరిశోధన లెక్కగట్టింది. మిగిలిన 99.999 శాతం భారమూ సహజంగానే మా చాయ్ బండి మీద పడింది. ముగ్గురు మనుషులను 6000 మీటర్ల లోతుకు దింపడానికి చెన్నైలో తయారవుతున్న జలాంతర్గామి వాహనం ‘మత్స్య 6000’లో ఒక సీటు మాకు కేటాయించాలని తొలుత తీర్మానించాము కానీ, వెళ్లి వచ్చినవాడు చూసిందే చెప్పాల్సి వస్తుందని, దానితో నలభై ఏళ్ల అనుభవం వృథా అవుతుందని గ్రహించి విరమించుకున్నాము.

అడుగు చూడటం వల్ల వచ్చే నష్టం మాకు కొత్త కాదు. 2024 చివర్లో పూడికతీత కోసం భద్రకాళి చెరువును ఖాళీ చేసినప్పుడు, అందులో ఏదో పెద్దది ఉందని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చినవారంతా కట్ట మీద నిలబడి చూశారు. బురద కనిపించింది. నీళ్లు వదులుతున్న సంగతి పేపర్లో ముందే వేశారు కదా, అది మాత్రం ఎందుకు ఆగుతుందని వారు అడిగారు.