సొరకాయ కోతలు ముగిశాయి

జూన్ రెండో ఆదివారం ఉదయం ఆరున్నరకు, బెంగళూరు రామమూర్తి నగర్‌లోని మా డాబా మీద ఈ వేసవి చివరి సొరకాయను కోశాను. అది 43వ కాయ. ఆ క్షణాన విధానసౌధ మీద జెండా కిందికి దిగలేదు. మర్నాడు పత్రికలన్నీ తిరగేశాను. వాన గురించి ఉంది, ట్రాఫిక్ గురించి ఉంది, సొరకాయ ఊసు ఎక్కడా లేదు. ఒక శకం ముగిస్తే ముగిసిందని చెప్పేవాడు కూడా లేని నగరం ఇది. అందుకే ఆ భారం నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

ఈ ఊరికి పంటల మీద గౌరవం లేదని అనను. చలికాలంలో అవరెకాయకు, అంటే ఒక రకం చిక్కుడుకు, మేళా పెడతారు. కార్తికంలో బసవనగుడిలో వేరుశనగకు పరిషె, అంటే తిరునాళ్ళు, జరుపుతారు, గుడిలోని పెద్ద నంది దొడ్డ బసవన్న సాక్షిగా వీధుల నిండా కుప్పలు పోస్తారు. మామిడికి లాల్‌బాగ్‌లో మేళా ఉంది. పూలకైతే అదే తోటలో ఏటా రెండుసార్లు, గణతంత్ర దినానికి ఒకటి, స్వాతంత్ర్య దినానికి ఒకటి. హైదరలీ 1760లో మొదలుపెట్టిన తోట అది. దానికి ఇన్నిసార్లు వెళ్ళినా సొరకాయ పేరున ఉత్సవం మాత్రం నా కంట పడలేదు.

అసలు నేరం ఫిబ్రవరిలో జరిగింది. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థవారు రూపొందించిన అర్క బహార్ అనే రకం గింజలు మూడు నాటాను. మెడ వంకర లేకుండా నిటారుగా, కిలో తూకానికి కాస్తుందని దానికి పేరు. మూడు నాటితే మూడూ మొలిచాయి. ఒక్కటైనా కుళ్ళి ఉంటే ఈ వ్యాసం మూడో వంతు తగ్గేది.

నీళ్ళ సంగతీ చెప్పాలి. 2024 మార్చిలో, కరువు ముదిరినప్పుడు, తాగునీటిని మొక్కలకు పోస్తే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ఉత్తర్వు వేసింది. ఆనాటి భయం నాకింకా పోలేదు. అందువల్ల మా పాదులు బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు, ఫిల్టరు వదిలేసిన నీళ్ళు తాగి పెరిగాయి. జీవామృతం పేరున వాటికి బెల్లమూ శనగపిండీ కూడా అందాయి. అదే నెలలో నేను బెల్లం ముక్క అడిగితే షుగరు పరీక్ష ఫలితాలు చూపించారు.

సొరపువ్వు సాయంత్రం పూట తెల్లగా విచ్చుకుంటుంది. దాని పుప్పొడి మోయడానికి రాత్రి తిరిగే పురుగులు కావాలి. మా వీధిలో రాత్రి తిరిగేవి కుక్కలూ, బిర్యానీ తెచ్చే స్కూటర్లూ మాత్రమే. కాబట్టి మగపువ్వును తుంచి, రేకులు ఒలిచి, ఆడపువ్వుకు తాకించే పౌరోహిత్యం నాకు వచ్చిపడింది. ఆఫీసు సమావేశం మధ్యలో "ఏడింటికి ఒక పెళ్ళి చేయించాలి" అని లేచి వచ్చిన రోజులున్నాయి. ఎవరి పెళ్ళని ఎవరూ అడగలేదు. పెద్ద నగరంలో ఉన్న సుఖం అదే.

మొదటి కాయను ఎవరికీ ఇవ్వలేదు. పసుపు కుంకుమ పెట్టి, ఫొటో తీసి, పప్పులో వేసుకుని కళ్ళు మూసుకుని తిన్నాము. పదో కాయ నాటికి ఇరుగుపొరుగు మీద ప్రేమ పుట్టింది. ఇరవయ్యో కాయ నాటికి ఇరుగుపొరుగుకు మా మీద అనుమానం పుట్టింది.

ఇంట్లో పరిస్థితి వేరుగా ఏమీ లేదు. పులుసు, పాలు పోసిన కూర, పెరుగు పచ్చడి, తొక్కు పచ్చడి, దప్పళం, అప్పాలు, చివరికి హల్వా. మా చిన్నవాడు ఏది వడ్డించినా మొదట గరిటెతో కలిపి చూసి, "ఇందులో కూడా ఉందా?" అని అడగడం మొదలుపెట్టాడు. వాడి పుట్టినరోజుకు పాయసం చేస్తే గిన్నెను కిటికీ వెలుతురులో పెట్టి పరీక్షించాడు. ఉంది.

ఎదురింటి వదినగారిది అనంతపురం. ఎవరినీ నొప్పించని మనిషి.

"మా ఆయనకు షుగరండీ, అన్నయ్యగారూ."

"సొరకాయ షుగరుకు చాలా మంచిది వదినగారూ."

"అందుకే వద్దంటున్నాను. ఆయనకు మంచివేవీ పడవు."

మూడో ఇంట్లో ఉండే రాజమండ్రి ఆయన మరీ గడుసువాడు. "మేము సొరకాయ తినమండీ, మా వైపు ఆనపకాయే" అన్నాడు. మర్నాడు అదే సంచీతో వెళ్ళి "ఆనపకాయ తెచ్చాను" అన్నాను. మనిషి నన్ను చాలాసేపు చూశాడు. భాషాభేదాల వెనుక దాక్కోవడం ఇక కుదరదని గ్రహించి తీసుకున్నాడు. మూలమీది ఇంటి కన్నడ అజ్జిగారు మాత్రం గేటు దగ్గర నా నీడ పడగానే, సంచీ ఉందో లేదో కూడా చూడకుండా, "బేడ", అంటే వద్దు, అనేవారు. నాకు పూర్తిగా వచ్చిన మొదటి కన్నడ మాట అది.

ఇంకొకరు చేదు సొరకాయ ప్రాణం మీదికి తెస్తుందని చదివామన్నారు. అది నిజమే, చేదుగా ఉన్నదాన్ని రసం తీసి తాగి ఆసుపత్రి పాలైనవారున్నారు. నేను వాదించలేదు. జేబులోంచి చాకు తీసి, తొడిమ దగ్గర సన్నని ముక్క కోసి, వారి గుమ్మంలోనే నమిలి చూపించాను. చేదు లేదు. వారి ముఖంలో నిరాశ ఉంది.

ఈ దశలో మా ఆవిడ ఒక మాట అన్నది. "కాయ ఇచ్చి వచ్చేయండి. దానితో పాటు గంటసేపు పందిరి వేసిన కథ, పువ్వు తాకించిన కథ, హెసరఘట్ట కథ ఎందుకు? కాయకు ఎవరూ భయపడటం లేదు." గొప్పలు చెప్పుకోవడాన్ని మన పెద్దలు సొరకాయ కోతలు అని ఎందుకన్నారో, బీరకాయ కోతలని ఎందుకనలేదో నాకు ఆ రోజు పూర్తిగా బోధపడింది. బోధపడిన సంగతి ఆమెకు చెప్పలేదు.

ఇక లెక్కలు. సంచులు, కొబ్బరి పొట్టు, వానపాముల ఎరువు, వేపనూనె, పందిరి తీగ, అన్నీ కలిపి 6,840 రూపాయలు. 43తో భాగిస్తే కాయకు 159 రూపాయలు. సాగు ఖర్చుకు కనీసం సగం కలిపి మద్దతు ధర ఇవ్వాలని స్వామినాథన్ కమిషన్ చెప్పింది కదా, ఆ లెక్కన నా సొరకాయకు 238 రూపాయల చిల్లర రావాలి. ఇందులో నా కూలి కలపలేదు, పౌరోహిత్యం దక్షిణ అసలే కలపలేదు. మా వీధి చివర బండి మీద అదే కాయ ముప్ఫై రూపాయలు. 2023 జులైలో టమాటా కిలో వంద దాటినప్పుడు, రెండు టమాటా మొక్కలున్న వెనకవీధి పెద్దమనిషి ఎలా నడిచాడో చూశాను, మెడలో కొత్త గొలుసు వేసుకున్నవాడిలా. సొరకాయ జాతకంలో ఆ యోగం రాసి లేదు.

గిట్టుబాటు ధర లేక నలిగిపోతున్న తోటి రైతుగా, మదనపల్లె దగ్గర మూడెకరాల్లో టమాటా వేసే మా అన్నయ్య కొడుక్కు ఫోను చేశాను. బళ్ళ కిరాయి కూడా రాక, బుట్టలకు బుట్టలు రోడ్డు పక్కన పారబోయడం చూసినవాడు వాడు. నా నష్టాలన్నీ వివరంగా చెప్పాను. శీతల గిడ్డంగి లేకపోవడం గురించి, అంటే మా ఫ్రిజ్‌లో చోటు లేకపోవడం గురించి, ప్రత్యేకంగా చెప్పాను. వాడు అంతా విని, కాసేపు ఆగి, "ఈ నెల మీ జీతం పడిందా చిన్నాన్నా?" అని అడిగాడు. పడిందన్నాను. "సరే" అని పెట్టేశాడు. రైతుల మధ్య ఐక్యత లేకపోవడమే మన వ్యవసాయానికి పట్టిన దుస్థితికి కారణమని నా నిశ్చితాభిప్రాయం.

మే నెలాఖరు వానలతో పతనం మొదలైంది. ఆకుల మీద బూడిద తెగులు విభూతి పూసినట్లు పరుచుకుంది. పిందెలను పండు ఈగ కుట్టింది, అవి పసుపుపచ్చగా తిరిగి రాలాయి. నాలుగు నెలల వయసుకే తీగ ముసలిదైపోయింది. 41 చిన్నది, 42 వంకరది, 43 మూడు వేళ్ళంత. దాన్ని కోసి సంచీలో వేసుకుని అలవాటుగా వీధిలోకి దిగాను. అన్ని గేట్లూ మూసే ఉన్నాయి. తిరిగి వచ్చి పులుసులో వేసుకున్నాము.

ఆ తరువాతి వారం రోజులు చెప్పరానివి. ఆఫీసు లిఫ్టులో నాకు మాటలు లేవు. వాతావరణం గురించి ప్రయత్నించాను, అందరి దగ్గరా అంతకంటే మంచి వాతావరణం ఉంది. ట్రాఫిక్ ఎత్తాను, ఒకాయన తన రెండున్నర గంటల సిల్క్‌బోర్డు కూడలి అనుభవంతో నన్ను అక్కడే ఓడించాడు. నాలుగు నెలలుగా నా వ్యక్తిత్వం డాబా మీద వేలాడుతుండేదని ఎవరికైనా ఎలా చెప్పను?

వీధి మాత్రం కళకళలాడింది. ఎదురింటి తలుపులు మార్చి తరువాత తొలిసారి బార్లా తెరుచుకున్నాయి. వదినగారే ఎదురొచ్చి, "కాయలు అయిపోయాయటగా అన్నయ్యగారూ, అయ్యో!" అన్నారు. ఆ అయ్యోలో ఉన్న సంతోషాన్ని నేను ఏ పెళ్ళిలోనూ వినలేదు. సాయంత్రం గిన్నెడు చక్కెర పొంగలి కూడా పంపారు. మా చిన్నవాడు దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. లేదు.

అయితే పందిరి వెనుక మూల, నీళ్ళ ట్యాంకు నీడలో, ఒక కాయను ఏప్రిల్‌లోనే విత్తనానికి వదిలేశాను. లెక్కలో అది లేదు. ఎండి, పెంకు గట్టిపడి, చక్కని బుర్ర అయింది. నిన్న సాయంత్రం దాన్ని కోసి చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. లోపల గింజలు గలగలమన్నాయి. మూడు కాదు, మూడు వందలు ఉంటాయేమో.

ఎదురింటి కిటికీ గడియ పడిన చప్పుడు కూడా స్పష్టంగానే వినిపించింది.