బడి పంపింది సరే, ఇంటికి చేరిందా?

పరీక్షా ఫలితాలు వచ్చిన రోజున బడిలో తరచూ వినిపించే మాటలు రెండు. 'మావాడు ఇంత వెనకబడ్డాడని మాకెవరూ చెప్పలేదండీ' అంటారు తల్లిదండ్రులు. 'అన్నీ గ్రూపులో పెడుతూనే ఉన్నాం కదమ్మా' అంటారు టీచరు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఎస్ఎంఎస్, వాట్సాప్, సొంత యాప్, వెబ్‌సైట్... బడి చేతిలో ఇప్పుడు లేనిదంటూ లేదు. అయినా తెలియాల్సిన ఒక్క సంగతి తెలియాల్సిన వేళకు ఇంటికి తెలియలేదు. లోపం ఫోనులో లేదు. పంపడంతో తన పని అయిపోయిందని బడి అనుకుంటోంది. అది చేరిందా, ఎవరికి చేరలేదు, చేరినవాళ్లు తిరిగి ఏమైనా చెప్పాలనుకుంటున్నారా అన్నది పట్టించుకోవడం లేదు. టెక్నాలజీ మీద డబ్బు పెట్టబోయే ప్రతి బడీ ముందుగా సరిచేసుకోవాల్సింది దీన్నే.

ఏదో ఒక సాయంత్రం ఓ తరగతి గ్రూపు తెరిచి చూడండి. రేపు యూనిఫాం అక్కర్లేదన్న కబురు ఒకటి. దాని కింద వరసగా ఇరవై ముప్ఫై 'ఓకే మేడమ్'లు. ఎవరి పుట్టినరోజుకో శుభాకాంక్షలు, వాటికి థాంక్యూలు. 'లెక్కల హోంవర్క్ ఎన్నో పేజీ అండీ?' అని ఓ తల్లి అడిగితే ముగ్గురు మూడు పేజీలు చెబుతారు. ఈ సందడిలో ఎక్కడో పరీక్షల టైంటేబుల్ ఉన్న పీడీఎఫ్ పైకి జరిగిపోయి ఉంటుంది. షిఫ్టు దిగి రాత్రి పదింటికి ఇల్లు చేరిన తండ్రి ఇదంతా వెనక్కి జరుపుకుంటూ చదువుతాడా? చదవడు. గ్రూపును మ్యూట్‌లో పెట్టేసి పడుకుంటాడు. ఆ రోజు నుంచి బడి లెక్కలో ఆయనకు అన్నీ చెబుతున్నట్టే, ఆయన లెక్కలో బడి ఏమీ చెప్పనట్టే. వాట్సాప్ గ్రూపులో ఉండగల సభ్యుల సంఖ్య 2022లోనే 1,024కు పెరిగింది. ఎక్కువమందికి ఒకేసారి చెప్పడమెలా అన్న సమస్య ఏనాడో తీరిపోయింది. ఒక్కరికి పనికొచ్చేలా చెప్పడమే ఇంకా చేతకావడం లేదు.

అలా చెబితే ఏం జరుగుతుందో చూపిన ప్రయోగాలున్నాయి. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో 22 మిడిల్, హైస్కూళ్లలో పరిశోధకులు బడి రికార్డులను మెసేజీలకు అనుసంధానించారు. పిల్లవాడు ఇవ్వని హోంవర్కులు, ఎగ్గొట్టిన క్లాసులు, తగ్గుతున్న గ్రేడ్లు వాటంతటవే తల్లిదండ్రుల ఫోనుకు చేరేలా ఏర్పాటు చేశారు. సబ్జెక్టుల్లో తప్పడం 28 శాతం తగ్గింది. క్లాసులకు హాజరు 12 శాతం పెరిగింది. రాష్ట్రస్థాయి పరీక్షల స్కోర్లలో మాత్రం తేడా రాలేదని కూడా ఆ పరిశోధకులే నిజాయతీగా రాశారు. అది సహజమే. మెసేజీ పిల్లవాడిని క్లాసులో కూర్చోబెట్టగలదు గానీ పాఠం చెప్పలేదు.

అమెరికాలోనే, తప్పిన సబ్జెక్టులు పూర్తిచేసుకునే హైస్కూల్ విద్యార్థుల వేసవి తరగతుల్లో జరిగిన మరో ప్రయోగం ఇంకా చిన్నది. వారానికొకసారి టీచరు ఒక్కో విద్యార్థి గురించి ఒకే ఒక్క వాక్యం రాస్తారు. అది ఇంటికి వెళుతుంది. అంతే. ఈ వాక్యం అందని విద్యార్థుల్లో 15.8 శాతం మంది ఆ కోర్సు గట్టెక్కలేకపోతే, అందినవారిలో అది 9.3 శాతానికి తగ్గింది. ఆ వాక్యాల్లోనూ మెచ్చుకోళ్ల కన్నా, ఎక్కడ మెరుగుపడాలో చెప్పినవే ఎక్కువ పనిచేశాయి. 2015లో వెలువడిన ఈ ఫలితాన్ని ప్రతి హెడ్మాస్టరూ ఒకసారి తీరిగ్గా ఆలోచించాలి. 'విద్యార్థుల ప్రగతిపై తల్లిదండ్రులు శ్రద్ధ వహించగలరు' అని వెయ్యి మందికి ఒకే సర్క్యులర్ పంపడం ఒకటి. 'మీ అమ్మాయి ఈ వారం సైన్స్ రికార్డు రెండుసార్లు తేలేదు. మిగతా పని బాగానే చేస్తోంది. సోమవారం తెస్తే మార్కులు పోవు' అని ఒక తల్లికి పంపడం మరొకటి. రెండోది చదివిన తల్లికి ఆ రాత్రి ఏం అడగాలో తెలుస్తుంది. మొదటిది చదివితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

కొత్త యాప్ ఉంటే తప్ప ఇలాంటివి కుదరవనుకుంటే పొరపాటు. పిల్లల గైర్హాజరును తల్లిదండ్రులు ఉన్నదానికన్నా తక్కువగా ఊహించుకుంటారని అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో పరిశోధకులు గమనించారు. 28 వేలకు పైగా కుటుంబాలతో ప్రయోగం చేశారు. మీ బిడ్డ ఇన్ని రోజులు బడికి రాలేదు అని పోస్టులో మామూలు ఉత్తరాలు పంపారు. తరచూ బడి మానేసే పిల్లల సంఖ్య 10 శాతమో, అంతకు మించో తగ్గింది. మార్పు తెచ్చింది నిర్దిష్టమైన ఆ సమాచారమే, అది ఏ దారిన వచ్చిందన్నది కాదు. ఫోను ఉత్తరం కన్నా వేగంగా, దాదాపు ఖర్చు లేకుండా అదే పని చేయగలదు కాబట్టే మనకు ఫోను కావాలి.

బడులు ఎక్కువగా బోల్తా పడేది యాప్ దగ్గర. కొంటారు, ప్రారంభోత్సవం చేస్తారు, డౌన్‌లోడ్ చేసుకోమని తల్లిదండ్రులకు చెబుతారు. ఆ తర్వాత యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, ఓటీపీ. పాత ఫోనులో స్టోరేజీ చాలదు. నంబరు మారితే లాగిన్ కాదు. వాషింగ్టన్ డీసీలో జరిగిన ఒక ప్రయోగం ఈ కథను మూడు అంకెల్లో చెబుతుంది. ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే మీ పిల్లల సమాచారం ఫోనుకు వస్తుందని కొందరు తల్లిదండ్రులకు చెప్పారు. నమోదు చేసుకున్నవారు ఒక శాతం కూడా లేరు. ఇంకొందరికి, వచ్చిన మెసేజీకి ఒక్క మాట తిరిగి పంపితే చాలన్నారు. 8 శాతం మంది చేరారు. మూడో బృందాన్ని బడే నేరుగా చేర్చేసి, వద్దనుకుంటే ఎప్పుడైనా ఆపేయవచ్చని చెప్పింది. 95 శాతం మంది కొనసాగారు. పిల్లల గ్రేడ్లు మెరుగుపడిందీ, సబ్జెక్టుల్లో తప్పడం తగ్గిందీ ఈ మూడో బృందంలోనే. మొదటి పద్ధతిలో ఎంతమంది చేరతారని విద్యారంగంలో నిర్ణయాలు తీసుకునేవారిని అడిగితే, అసలు అంకెకు ఎన్నో రెట్లు ఎక్కువ ఊహించారు.

ఒక శాతానికీ తొంభై అయిదు శాతానికీ మధ్య ఉన్నది తల్లిదండ్రుల శ్రద్ధలో తేడా కాదు. మూడు బృందాలవారికీ తమ పిల్లలంటే ఒకే ప్రేమ. తేడా అంతా బడి పెట్టిన మెట్లలో ఉంది. ఆ మెట్లెక్కి యాప్‌లోకి వచ్చే తల్లిదండ్రులు మామూలుగానే టీచరుతో మాట్లాడుతుండేవాళ్లు. రానివాళ్ల పిల్లలకే ఆ సమాచారం ఎక్కువ అవసరం. యాప్ పెట్టాం, వాడుకోకపోతే మేమేం చేస్తాం అని చేతులు దులుపుకునే బడి, అందుబాటులో ఉన్నవారికి ఇంకాస్త దగ్గరై, దూరంగా ఉన్నవారిని ఇంకాస్త దూరం చేసుకుంటుంది. అందుకే అడ్మిషన్ రోజునే ఇంటి నంబరు తీసుకోవాలి, ఏ భాషలో, మెసేజీగానా ఫోనుగానా చెప్పమంటారో అడిగి రాసుకోవాలి. ప్రతి టర్ము మొదట్లో ఆ నంబర్లు పనిచేస్తున్నాయో లేదో సరిచూడాలి. ఇదేమీ గొప్ప సాంకేతికత కాదు, గుమాస్తా పని. దీన్ని వదిలేసి ఎన్ని ఫీచర్లు కొన్నా ప్రయోజనం లేదు.

చదవడం రాని తల్లిదండ్రుల సంగతి మరీ ముఖ్యం. చదవగలిగినా, బడి వాడే భాష ఇంట్లో మాట్లాడని కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. వాళ్లకు గొంతు కావాలి. కొవిడ్ వల్ల 2020లో బడులు మూతబడ్డప్పుడు ఆఫ్రికా దేశం బోట్స్వానాలో దాదాపు 4,500 కుటుంబాలతో ఒక ప్రయోగం జరిగింది. కొందరికి వారానికోసారి లెక్కలు ఎస్ఎంఎస్‌లో పంపారు. ఇంకొందరికి ఎస్ఎంఎస్‌తో పాటు బోధకులు ఫోను చేసి, తల్లిదండ్రులనూ పిల్లలనూ లైన్లో ఉంచి, పావుగంటో ఇరవై నిమిషాలో ఆ లెక్కలు చేయించారు. ఎస్ఎంఎస్ మాత్రమే అందిన పిల్లల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫోను కూడా వెళ్లిన ఇళ్లలో పిల్లలు నేర్చుకున్నారు. స్మార్ట్‌ఫోను, ఇంటర్నెట్ అక్కర్లేని మామూలు ఫోను కాల్ అది. ప్రతి సంగతికీ ప్రతి ఇంటికీ ఫోను చేయడం ఏ బడికీ సాధ్యం కాదు. కానీ వరసగా మూడు రోజులు రాని పిల్లవాడి ఇంటికి చేయొచ్చు. మిగతావాటికి టీచరు గొంతుతో అర నిమిషం రికార్డు చేసి పంపొచ్చు. యంత్రానువాదం ఇప్పుడు బాగా మెరుగైంది కాబట్టి సెలవు కబుర్లు, టైంటేబుళ్లు దాంతో పంపడంలో తప్పులేదు. పిల్లవాడి ఆరోగ్యం గురించో, క్రమశిక్షణ చర్య గురించో అయితే రెండు భాషలూ తెలిసిన మనిషి ఒకసారి చూడకుండా పంపకూడదు. అక్కడ ఒక మాట అటూ ఇటూ అయితే సరిదిద్దుకోలేం.

ఇక తిరుగుదారి, అంటే ఇంటి నుంచి బడికి వచ్చే కబురు. ఈ మధ్య చాలా బడుల గ్రూపుల్లో 'అడ్మిన్లు మాత్రమే పంపగలరు' అని సెట్టింగ్ పెడుతున్నారు. గోల తగ్గించడానికి అది అవసరమే. కానీ దానికి బదులుగా వేరే తలుపు తెరవకపోతే తల్లిదండ్రుల నోరు మూసినట్టే. మెసేజీ వచ్చిన నంబరుకు తిరిగి రాస్తే అది ఎవరికీ చేరదు. ఆఫీసుకు ఫోను చేస్తే ఎత్తరు. వారం రోజులుగా పిల్ల అన్నం సరిగా తినడం లేదనీ, బడి పేరెత్తితే ఏడుస్తోందనీ ఒక తల్లి చెప్పాలనుకుంటే ఎవరికి చెప్పాలి? ఇంట్లో మరణం, ఉద్యోగం పోవడం, ఇల్లు మారడం, క్లాసులో ఎవరో ఏడిపించడం, ఇవన్నీ టీచరు కన్నా ముందు ఇంటికి తెలిసేవి. బడి నుంచి ఇంటికి వెళ్లే సమాచారం కన్నా ఇవేమీ తక్కువవి కావు. ఇవి అందకపోతే చేతులు కాలాక ఆకులు పట్టుకోవాల్సి వస్తుంది.

ఆ తలుపు టీచరు సొంత నంబరు మాత్రం కాకూడదు. రాత్రి పదకొండింటికి 'మేడమ్, రేపు డ్రాయింగ్ పుస్తకం తేవాలా?' అన్న మెసేజీకి బదులివ్వాల్సి రావడం టీచరుకు జీతం లేని రెండో ఉద్యోగం. ఉద్యోగులకు పనివేళల తర్వాత ఫోనుకు దూరంగా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017 నుంచి చట్టంలో గుర్తించింది. ఆ హక్కు టీచర్లకూ దక్కాలి. బడికి ఒక నంబరు, దానికి ఒక బాధ్యుడు, బదులు ఎంతలోగా వస్తుందో ముందే చెప్పిన మాట, ఆ పనికి టీచరు టైంటేబుల్లో కేటాయించిన పీరియడ్: ఈ నాలుగూ ఉండాలి. పీరియడ్ ఇవ్వకుండా వాక్యాలు రాయమంటే తూతూమంత్రం వాక్యాలే వస్తాయి. అన్ని ఇళ్లకూ 'చదువులో మెరుగుపడాలి' అని ఒకే ముక్క అతికించి పంపుతారు.

ఈ చర్చలో ఎవరూ అడగనిది పిల్లల మాట. మార్కు పడిన క్షణాన అమ్మ ఫోను మోగితే, బడి నుంచి ఇంటికి నడిచే దారిలో 'ఎలా చెప్పాలి' అని ఆలోచించుకునే అవకాశం ఆ పిల్లవాడికి పోతుంది. తప్పు తానే ఒప్పుకోవడం, తానే సర్దుకోవడం పెద్దవాడవుతున్న పిల్లవాడు నేర్చుకోవాల్సిన పాఠాలు. కొన్ని ఇళ్లలో ఆ ఒక్క మెసేజీ దెబ్బలకు దారితీస్తుంది. ఏ ఇంట్లో అలా జరుగుతుందో టీచరుకు తెలుస్తుంది, సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. కాబట్టి పసిపిల్లల విషయంలో వెంటనే చెప్పేవి, హైస్కూలు పిల్లల విషయంలో ముందు వాళ్లతో మాట్లాడాకే చెప్పాలి. ఏ కబురును ఆపి, ముందు ఇంటివాళ్లను పిలిచి మాట్లాడాలో నిర్ణయించే అధికారం టీచరుకు ఉండాలి.

పిల్లల సమాచారం ఎవరి చేతుల్లోకి పోతోందన్న భయం కూడా ఊహాజనితం కాదు. కొవిడ్ కాలంలో ప్రభుత్వాలు సిఫార్సు చేసిన విద్యా యాప్‌లను, వెబ్‌సైట్లను మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ పరిశీలించి 2022లో నివేదిక ఇచ్చింది. వాటిలో 89 శాతం, పిల్లల హక్కులకు ముప్పు తెచ్చే రీతిలో సమాచారాన్ని వాడుకుంటున్నాయని తేల్చింది. 2024 డిసెంబరులో అమెరికాలో విద్యార్థుల రికార్డులు భద్రపరచడానికి వేలాది బడులు వాడే పవర్‌స్కూల్ అనే సాఫ్ట్‌వేర్ వ్యవస్థలోకి చొరబడినవారు విద్యార్థుల, టీచర్ల వివరాలు ఎత్తుకుపోయారు. అంత దూరం పోనక్కర్లేదు, క్లాసంతటి మార్కుల పట్టికను గ్రూపులో పెట్టే అలవాటే చాలు ఒక పిల్లవాడిని అందరి ముందూ నిలబెట్టడానికి. ఒక పిల్లవాడికి సంబంధించిన ఏ సంగతీ మరో ఇంటికి చేరకూడదు. ఏ వివరం సేకరిస్తున్నారు, ఎన్నాళ్లు ఉంచుతారు, పిల్లవాడు బడి వదిలాక ఎప్పుడు తుడిచేస్తారు అన్నవి కాగితం మీద రాసివ్వని కంపెనీకి బడి తలుపు తీయకూడదు.

ఈ విద్యాసంవత్సరం యాప్ కొనాలనుకుంటున్న యాజమాన్యాలకు, ఆ బేరంలో కూర్చునే తల్లిదండ్రుల కమిటీలకు మేము కోరేది ఒక్కటే. డెమో చూపించడానికి వచ్చిన సేల్స్ మనిషిని పంపే బటన్ గురించి అడగకండి, అది అన్నిటిలోనూ ఉంటుంది. గత నెలలో ఒక్క మెసేజీ కూడా చేరని ఇళ్ల జాబితా తెరమీద చూపించమనండి. తల్లి రాసిన జవాబు ఎవరి ముందు తెరుచుకుంటుందో, ఎవరూ చూడకపోతే రెండో రోజున ఏమవుతుందో చూపించమనండి. చూపించలేకపోతే, ఆ డబ్బుతో ఫోను ఎత్తి మాట్లాడే ఒక మనిషిని నియమించుకోండి.