రెండు డాలర్ల కోసం రెండు గంటలు

1930ల నాటి అమెరికా ఆర్థిక పతనం, అదే మహా మాంద్యం, మాటెత్తితే చాలు, మనవాళ్లు షేర్లు కూలిన 1929 అక్టోబర్ 29 అంటారు, న్యూయార్క్ షేర్ మార్కెట్ ఉన్న వాల్ స్ట్రీట్ అంటారు. ఇక్కడ అమెరికాలో షేర్లలో పెట్టుకున్న రిటైర్మెంట్ పొదుపు, 401కె, కాస్త ఊగితే నిద్రపట్టని జనం కదా మనం! నన్నడిగితే ఆ మంగళవారం కంటే 1930 డిసెంబర్ 10నే గుర్తుపెట్టుకోవాలి.

ఆ రోజు న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో ఒక వ్యాపారి బ్యాంక్ ఆఫ్ యునైటెడ్ స్టేట్స్ శాఖకెళ్లి, తన దగ్గరున్న ఆ బ్యాంకు షేర్లే అమ్మిపెట్టమన్నాడట. ఇప్పుడొద్దు, ఉంచుకోమన్నారు. ఆయన బయటికొచ్చి, వాళ్ల షేర్లు వాళ్లే తీసుకోవట్లేదని చెప్పాడు. మధ్యాహ్నానికల్లా వీధి నిండిపోయింది. ఖాతాలో 2 డాలర్లే ఉన్న ఒకాయన వాటికోసం రెండు గంటలు నిలబడ్డాడని ఆనాటి పత్రికలు రాశాయి. మర్నాడు బ్యాంకు తెరవలేదు. పేరు చూస్తే సర్కారుదేమో అనిపిస్తుంది గానీ, అది ప్రైవేటు బ్యాంకు. ఖాతాదారులు 4 లక్షల పైనే. చాలామంది యూదు వలసదారులు, బట్టలు కుట్టే పనివాళ్లు, చిల్లర దుకాణాలవాళ్లు. కొత్త దేశంలో డబ్బు దాచుకోవడానికి తమవాళ్లున్న చోటే వెతుక్కున్నారు. ఆ మనస్తత్వం మనకెవరూ చెప్పక్కర్లేదు.

రోగం అంతకుముందే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గోధుమకు మంచి ధర పలికేసరికి రైతులు అప్పుచేసి భూములు కొన్నారు. తర్వాత ధర పడిపోయింది, అప్పు పడలేదు. 1920లంతా పల్లె బ్యాంకులు ఏటా వందల్లో మూతపడ్డాయి. పట్నాల్లోనేమో ధరలో పదో వంతే చేతి డబ్బు పెట్టి, మిగతాది అప్పుతెచ్చి షేర్లు కొన్నారు. షేర్లు కూలకముందే, 1929 వేసవికే ఫ్యాక్టరీల ఉత్పత్తి తగ్గడం మొదలైంది.

దిగుమతులపై సుంకాలు పెంచిన 1930 నాటి టారిఫ్ చట్టాన్నీ, అప్పటి అధ్యక్షుడు హూవర్‌నూ తిట్టిపోసేవాళ్లున్నారు. వెయ్యిమందికి పైగా ఆర్థికవేత్తలు వద్దన్నా ఆయన సంతకం పెట్టాడు, నిజమే. నా దృష్టిలో అంతకంటే పెద్ద తప్పు అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్‌ది. 1931లో బ్రిటన్ బంగారు ప్రమాణం, అంటే కరెన్సీ విలువను బంగారానికి ముడిపెట్టే పద్ధతి, వదిలేశాక, ఇక్కడి బంగారం తరలిపోకుండా వడ్డీ పెంచింది. బ్యాంకులు కూలుతున్న వేళ అది కొంప అంటుకుంటే బావికి తాళం వేయడమే. 1933 నాటికి దాదాపు 9 వేల బ్యాంకులు పోయాయి, నలుగురిలో ఒకరికి పనిలేదు.

ఇంతా చేసి, బ్రాంక్స్ జనం ఎగబడ్డ ఆ బ్యాంకు మరీ బోలు కాదు. మూతపడే ముందు రాత్రి న్యూయార్క్ పెద్ద బ్యాంకర్లు సమావేశమయ్యారు గానీ చేయి అందించలేదు. ఏళ్లు గడిచాక ఖాతాదారులకు డాలరుకు 80 సెంట్ల పైనే తిరిగొచ్చింది.