కొట్టి విడిచిపెడతానన్న పిలాతు, మన పోలీసు స్టేషన్లు

శుభ శుక్రవారం నాడు మూడు గంటల ఆరాధనలో కూర్చుని, ప్రభువు వీపు మీద పడిన కొరడా దెబ్బలను తలచుకొని కన్నీరు పెట్టుకునే మనమే, ఊళ్లో ఒక దొంగతనం జరిగితే చాలు, "స్టేషన్‌లో నాలుగు తగిలిస్తే నిజం అదే బయటికి వస్తుంది" అని ఎంత తేలిగ్గా అనేస్తామో ఎప్పుడైనా గమనించారా? పాలకొల్లు, నరసాపురం, రాజోలు చుట్టుపక్కల క్రైస్తవ సంఘాలను చిన్నప్పటినుంచి చూస్తున్నవాడిగా ఈ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నిందితుణ్ణి హింసించి నిజం రాబట్టడాన్ని ఏ కారణం చేతనైనా సమర్థించే హక్కు సిలువను నమ్మినవాడికి లేదు.

కిందటి రొయ్యల పంట కాలంలో మా పక్క ఊరి చెరువు గట్టు మీద, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ మోటారు ఒకటి పోయింది. ఆ చెరువుకు రాత్రి కాపలా ఉండే కుర్రవాణ్ణి పోలీసులు తీసుకువెళ్లారు. కేసు నమోదు కాలేదు, మేజిస్ట్రేటు ముందుకు తీసుకువెళ్లలేదు, రెండు రాత్రులు ఉంచుకొని పంపించారు. మోటారు డ్రెయిన్ గట్టున తుప్పల్లో దొరికింది. ఆ ఆదివారం ప్రభువు బల్ల దగ్గర అతని వేళ్లు ఎంతగా వాచిపోయి ఉన్నాయంటే, రొట్టె ముక్కను పట్టుకోలేక అరచేతిని నోటి దాకా ఎత్తి నాలుకతో అందుకున్నాడు. ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఒకాయన చెప్పులు వేసుకుంటూ నాతో అన్న మాట ఇది: "నాలుగు పడేటప్పటికి మోటారు బయటికి వచ్చేసిందండి మరి, మాస్టారూ."

ఆ కుర్రవాడు నిర్దోషి అయి ఉంటే నా పని సులువయ్యేది. హింసకు వ్యతిరేకంగా మాట్లాడేవాళ్లు సాధారణంగా నిర్దోషులనే ఉదాహరణగా తీసుకుంటారు. దెబ్బలకు తాళలేక చేయని నేరం ఒప్పుకున్నవాళ్ల కథలకు కొదవ కూడా లేదు. కానీ ఇక్కడ దొంగతనం చేసింది అతనే, వస్తువూ దొరికింది. దొంగ దొంగే అయినప్పుడు, దెబ్బ పని చేసినప్పుడు కూడా అది తప్పేనా? తప్పే. అందుకు మనం ప్రతి ఏడూ చదువుకునే ప్రభువు శ్రమల వృత్తాంతమే సాక్ష్యం.

యోహాను సువార్త 18వ అధ్యాయం చూడండి. అన్న అనే యాజకుడి ఇంట్లో విచారణ నడుస్తుండగా ప్రభువు చెప్పిన సమాధానం నచ్చక ఒక బంట్రౌతు ఆయనను చెంపమీద కొట్టాడు. రెండవ చెంప చూపమని బోధించిన ఆయన ఇక్కడ మౌనంగా ఊరుకోలేదు. నేను తప్పు మాట్లాడి ఉంటే ఆ తప్పేమిటో చెప్పు, సరిగ్గా మాట్లాడి ఉంటే నన్నెందుకు కొడుతున్నావు అని నిలదీశాడు. నేరం ఉంటే సాక్ష్యంతో రుజువు చేయాలి, విచారణలో చేతికి పని లేదు అన్న న్యాయసూత్రం ఆ ప్రశ్నలో పూర్తిగా ఉంది, అయినా ఈ వచనం మీద ప్రసంగం నేను చాలా అరుదుగా విన్నాను.

ఆ తరువాత రోమా అధిపతి పిలాతు. ఈ మనుష్యునిలో నాకు ఏ నేరమూ కనబడలేదని ప్రకటించి, ఆ వెంటనే, కాబట్టి ఇతన్ని శిక్షించి విడిచిపెడతానని అన్నాడని లూకా రాశాడు. నేరం లేదట, అయినా కొట్టి పంపుతాడట! మన ఊళ్లలో జరిగే రాజీ అచ్చంగా ఇదే: కేసు పెడితే కోర్టు చుట్టూ తిరగాలి, ఊరికే వదిలేస్తే ఫిర్యాదు చేసిన ఆసామి ఊరుకోడు, అందుకని నాలుగు పీకి పంపించేస్తారు. ఏటేటా పిలాతు పేరు చెప్పి ఛీ కొట్టే మనం, అదే పని స్టేషన్‌లో జరిగితే ఎస్సై గారు పెద్దమనసుతో కేసు లేకుండా చేశారని సంతోషిస్తాం.

అపొస్తలుల కార్యాలు 22లో, జనం పౌలు మీద ఎందుకు కేకలు వేస్తున్నారో తెలుసుకోవడానికి అతన్ని కొరడాలతో కొట్టి విచారించమని రోమా సైన్యపు సహస్రాధిపతి ఆజ్ఞ ఇచ్చాడు. తీర్పు పొందని రోమా పౌరుణ్ణి కొట్టడం న్యాయమేనా అని పౌలు అడిగిన ఒక్క ప్రశ్నకు వాళ్లు వెనక్కి తగ్గారు. ఆ పౌరసత్వం లేనివాడి వీపు సంగతి ఆ రోజు ఎవరికీ పట్టలేదు. మన దగ్గర పలుకుబడి, కులం, ఫోను చేసి చెప్పే నాయకుడు ఆ పౌరసత్వం పని చేస్తున్నాయి. అవి లేక లాకప్‌లో చిక్కుకునే పిల్లల్లో చాలామంది మన పేటల నుంచి, మన సంఘాల నుంచి వెళ్లేవాళ్లే కదా.

ఇక దెబ్బలను సమర్థించేవాళ్లు రోమా పత్రిక 13వ అధ్యాయం ఎత్తుతారు, అధికారి ఊరకనే ఖడ్గం ధరించడని. కీడు చేసినవాణ్ణి శిక్షించడానికి ఆ ఖడ్గం. కీడు ఎవరు చేశారో కనుక్కోవడానికి కాదు. బాంబు పేలబోతోంది, వెయ్యి మంది ప్రాణాలు ఒకడి నోట్లో ఉన్నాయి, అప్పుడేం చేస్తారు అన్న ప్రశ్న ఇంకొకటి. జనమంతా నశించేకన్నా ఒక్క మనిషి చనిపోవడం మేలన్న వాదం సువార్తలో కూడా ఉంది, కాకపోతే అది ప్రభువు మరణం కోరిన ప్రధాన యాజకుడు కయప నోటినుంచి వచ్చింది. పైగా ఆ బాంబు పేరుతో తెరిచిన తలుపులోంచి మన డెల్టాలో లోపలికి వెళ్లేది రొయ్యల చెరువు మోటార్లు, కొబ్బరికాయల దొంగతనాలు, సెల్‌ఫోన్లు.

మన మతం చరిత్ర ఈ విషయంలో శుభ్రంగా లేదు. క్రీ.శ. 866లో పోపు మొదటి నికొలాసు బల్గేరియన్లకు రాసిన ఉత్తరంలో, కొట్టి ఒప్పించడం దైవధర్మానికీ మానవధర్మానికీ విరుద్ధమన్నాడు. 1252లో పోపు నాలుగవ ఇన్నోసెంటు మతద్రోహులను హింసించడానికి అనుమతి ఇచ్చాడు. దుష్టుల మీద కోపం పెరిగేకొద్దీ ముందు చెప్పిన మాట మరిచిపోవడం పోపులకే తప్పలేదు. 2009లో అమెరికాలో ప్యూ అనే సర్వే సంస్థ అడిగితే, వారం వారం ఆరాధనకు వెళ్లేవాళ్లలో 54 శాతం మంది అనుమానిత ఉగ్రవాదులను హింసించడం తరచుగానో అప్పుడప్పుడో సమర్థనీయమే అన్నారు, ఎప్పుడోగాని వెళ్లనివాళ్లకంటే ఎక్కువగా.

మన నేల అనుభవం వేరే ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852కు మూడేళ్ల తరువాత, గోదావరి ప్రాంతం కూడా భాగంగా ఉన్న నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక విచారణ సంఘం నివేదిక ఇచ్చింది. శిస్తు కోసం, నేరం ఒప్పించడం కోసం సర్కారు కింది ఉద్యోగులు రైతుల వేళ్లను కర్రల మధ్య పెట్టి నొక్కుతున్నారని, తలను కాళ్లకు వంచి కట్టి ఎండలో ఉంచుతున్నారని అది తేల్చింది. 1860 నాటి శిక్షాస్మృతి 330వ సెక్షన్‌లో, దొంగసొత్తు ఎక్కడుందో చూపించమని ఒకణ్ణి హింసించే పోలీసు అధికారినే ఉదాహరణగా రాశారు. ఆ నేరానికి ఏడేళ్ల వరకు జైలు. ఇప్పుడు అది, ఆ శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 120వ సెక్షను. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు. లెక్కన చూస్తే మామూలు దొంగతనం చేసినవాడికంటే అతన్ని కొట్టి ఒప్పించినవాడిదే పెద్ద నేరం. అయితే పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు చెల్లదన్న చట్టమే, దాని వల్ల వస్తువు దొరికితే అంతమేరకు చెల్లుతుందని కూడా అంటుంది, లాఠీకి ఆశ పుట్టేది అక్కడే.

మన సంఘాల్లో కానిస్టేబుళ్లూ ఉన్నారు, మంచివాళ్లు, పైవాళ్లు చెప్పారు కాబట్టి చేశామనేవాళ్లు. మేమేం చేయాలని అడిగిన సైనికులకు బాప్తిస్మమిచ్చు యోహాను ఉద్యోగం మానమని చెప్పలేదు. ఎవరినీ బాధపెట్టవద్దు, అపనింద వేయవద్దు, జీతంతో తృప్తిపడండి అన్నాడు. ఆ వచనాన్ని వాళ్ల ఎదుట పేరు పెట్టకుండానైనా చదివే ధైర్యం పాస్టరు గార్లకు ఉండాలి.

హింసకు వ్యతిరేకమైన ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద భారతదేశం 1997లో సంతకం చేసింది, ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన హింస నిరోధక బిల్లు రాజ్యసభ సెలెక్ట్ కమిటీ దాకా వెళ్లి మురిగిపోయింది. ఎన్నికల ముందు మన వేదికలెక్కి తలవంచి ప్రార్థన చేయించుకునే అభ్యర్థులను దీని గురించి అడిగిన సంఘం నాకింతవరకు కనబడలేదు. ఈసారి మా సంఘానికి వచ్చినవాళ్లను నేను అడుగుతాను. పెద్దలు మైకు ఇవ్వకపోతే బయట మెట్ల దగ్గర నిలబడి అడుగుతాను.