పరిహారం ఇస్తే పనిలోకి రారా?

చీమకుర్తి క్వారీలు, గుండ్లాపల్లి గ్రానైట్ ఫ్యాక్టరీల వైపు వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. పనిలో దెబ్బ తగిలితే ఓనరు ఇచ్చేది ఆయన దయట. తప్పు పనివాడిదైతే అదీ రాదట. కాంట్రాక్టు మనిషికి హక్కే లేదట. వైద్యానికి ఆరోగ్యశ్రీ ఉందట. అన్నిటికీ మించి, ఇంట్లో కూర్చుంటే డబ్బొస్తుందని తెలిస్తే ఎవరూ మళ్లీ పనిలోకి రారట. దీన్ని నమ్మి దక్కాల్సింది వదులుకునేవాళ్లు ఉంటారు కాబట్టి జవాబు రాస్తున్నాను.

దయ అన్న మాట ముందు తీసేయాలి. పనివల్ల, పనిలో ఉండగా ప్రమాదం జరిగితే పరిహారం యజమాని బాధ్యత అని 1923లోనే చట్టం వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ ఆ బాధ్యత ఉంది. పాత చట్టం లెక్కే చూడండి. నెలకు 15,000 వచ్చే 35 ఏళ్ల మనిషికి బొటనవేలు పూర్తిగా పోతే సుమారు 5 లక్షల 32 వేలు రావాలి. నెలలోపు ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ. చేతిలో కొంత పెట్టి ఊరికి బస్సెక్కిస్తే ఆ లెక్క తీరదు.

‘తప్పు నీదే’ అనేది ఎక్కువగా భయపెట్టే మాట. మామూలు పొరపాటు వల్ల హక్కు పోదు. తాగి ఉండటం, భద్రతా నియమాన్ని కావాలని ధిక్కరించడం, మిషన్‌కు బిగించిన రక్షణ తొడుగు (గార్డు) కావాలని తీసేయడం, ఇవే మినహాయింపులు. మనిషి చనిపోయినా, శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితికి వచ్చినా ఇవి కూడా అడ్డు రావు.

కాంట్రాక్టు సంగతి: పని తనదైతే అసలు యజమానే బాధ్యుడు. ఆయన తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. బిహార్, ఒడిశా నుంచి మేస్త్రి తెచ్చిన కూలీకీ ఇదే వర్తిస్తుంది.

ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఆసుపత్రి ఖర్చు కొంత మోస్తుంది, మంచిదే. పోయిన కూలి ఇవ్వదు, పోయిన వేలికి వెల కట్టదు. పని దెబ్బకు అయిన వైద్య ఖర్చు యజమాని భరించాలని 1923 చట్టానికి 2009లో చేసిన సవరణ స్పష్టంగా చెప్పింది. ఓనర్లు కూడా తమ ఇన్సూరెన్స్ పాలసీలో వైద్య ఖర్చు చేర్చారో లేదో ఇప్పుడే చూసుకోవాలి. చాలా పాలసీల్లో దాన్ని విడిగా అడిగి తీసుకోవాలి.

ఇక ‘పనిలోకి రారు’ అన్న మాట. ఇది నాకు చాలా బాధ కలిగించింది. 15,000 జీతగాడికి కోలుకునే కాలంలో ఆ 1923 చట్టం లెక్కన వచ్చేది పదిహేను రోజులకు 3,750. అంటే సగం జీతం. 24,000 తెచ్చుకునే ఆపరేటర్‌కూ ఆ చట్టంలో లెక్కలోకి వచ్చే జీతం 15,000 దాటదు. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె ఉన్నవాడు ఆ సగానికి ఆశపడి కూర్చుంటాడా? ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉన్నచోట జీతంలో సుమారు 90 శాతం వస్తుంది, కానీ డాక్టరు సర్టిఫికెట్ ఉన్నన్నాళ్లే.

మనిషిని పనికి దూరం చేసేది డబ్బు లేకపోవడమే. రాయి కింద చెయ్యి నలిగితే కుట్లు వేసినంత మాత్రాన సరిపోదు. నరాలు, కండరాలు సరిచేయాలి, తర్వాత వారాల తరబడి ఫిజియోథెరపీ చేయించాలి. ఇంట్లో బియ్యం నిండుకుంటే కట్టు విప్పకుండానే క్వారీకి వెళ్తాడు. పుండు చీము పడుతుంది, వేళ్లు బిగుసుకుపోతాయి. ఏళ్ల తరబడి నేర్చిన పని ఆ చేత్తో ఇక చేయలేడు. అలా కాకుండా ఆసుపత్రి బిల్లు ఇన్సూరెన్స్ కడుతూ సగం జీతమైనా ఇంటికి వస్తుంటే వైద్యం పూర్తిచేసుకుంటాడు. మొదట స్టోర్‌లోనో గేటు దగ్గరో తేలిక పని ఇస్తే నెమ్మదిగా మళ్లీ మిషన్ ఎక్కుతాడు. పని తెలిసిన మనిషి దక్కడం ఓనరుకూ లాభమే.

దెబ్బ తగిలిన రోజే రిజిస్టర్‌లో రాయించండి. బిల్లులు, ఎక్స్‌రేలు దాచండి. ‘ఇంకేమీ అడగను’ అని కాగితం రాయించుకున్నా పరిహారం హక్కు వదులుకునే ఒప్పందం చట్టం ముందు చెల్లదు. అలాంటి కాగితం మీద ఇప్పటికే సంతకం పెట్టినవాళ్లు కూడా ఒంగోలులో కార్మిక శాఖ అధికారులను కలవొచ్చు.