ఆ నిలువురాయి పాతింది రాక్షసులు కాదప్పా
మన అనంతపురం గ్రూపుల్లో మళ్ళీ అదే మెసేజ్ తిరుగుతాంది. కళ్యాణదుర్గం దిక్కు గుట్ట మీద 12 అడుగుల నిలువురాయంట, కార్బన్ డేటింగ్‌లో దాని వయసు 10,000 ఏండ్లని తేలిందంట, మనుషులు ఎత్తలేరు కాబట్టి రాక్షసులే పాతినారంట, కింద నిధి ఉందంట, సాక్ష్యానికి ఒక పేద్ద అస్థిపంజరం ఫోటో. ఇట్లాంటి పాత రాళ్ళు మన సీమ గుట్టల్లో ఉండేది నిజమే, మిగతాదంతా ఎవరో ఇంట్లో కూర్చుని అల్లిందే.

ఫస్ట్ కార్బన్ డేటింగ్. అది ఒకప్పుడు ప్రాణం ఉన్నవాటికే పనిచేస్తుంది, బొగ్గు, ఎముక, కట్టె, గింజ ఇట్లాంటివి. చచ్చినాక అందులో ఉండే కార్బన్-14 అనే ఒక రకం కార్బన్ సుమారు 5,730 ఏండ్లకు సగమైపోతుంది, ఆ లెక్కన వయసు కడతారు. గ్రానైట్‌కు ప్రాణమెప్పుడుందప్పా? అయినా మనకు కావాల్సింది రాయి వయసు కాదు కదా, దాన్ని ఎప్పుడు నిలబెట్టినారనేది. అది కింద దొరికే కుండలు, ఇనుము, బొగ్గు చెప్పాల. రాయదుర్గం దాటినాక బ్రహ్మగిరి, కర్ణాటకే గానీ మనకు పక్కనే, అక్కడ 1947లో మార్టిమర్ వీలర్ అనే పురావస్తు శాస్త్రవేత్త, ఇట్లాంటి నిలువురాళ్ళ కాలం నాటి రాతి సమాధులు తవ్విస్తే ఇనప పనిముట్లు, లోపల నలుపు బయట ఎరుపు ఉండే కుండలు బయటపడినాయి. దక్షిణాదిలో ఇవి ఎక్కువగా క్రీస్తుకు ముందు వెయ్యేండ్ల లోపలివే, కొన్ని ఇంకొంచెం ముందువి. 10,000 ఏండ్ల కిందట ఇనుము యాడిది?

ఎత్తలేరు అంటారా, లెక్కేద్దాం. 12 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, ఒక అడుగు మందం అనుకో, 36 ఘనపుటడుగులు, గ్రానైట్ ఘనపుటడుగు సుమారు 76 కిలోలు, అంతా కలిపి మూడు టన్నులు కూడా కాదు. కదిరి తేరు లాగేది ఎవరు మరి, మనుషులే కదా! మన గుట్టల్లో రాయి దానంతటదే పొరలు పొరలుగా లేస్తుంది, మంట పెడితే ఇంకా తొందరగా లేస్తుంది. దాన్ని దుంగల మీద దొర్లించుకొచ్చి, ఒక పక్క వాలుగా గుంత తవ్వి, మొదలు అందులోకి జార్చి, తాళ్ళతో లాగి నిలబెట్టి, చుట్టూ చిన్న రాళ్ళు దట్టించి కూరితే సరి. బస్తర్‌లో గోండులు చనిపోయినోళ్ళ పేరు మీద మొన్నమొన్నటిదాకా రాళ్ళు నిలబెట్టినారు, క్రేనూ లేదు రాక్షసుడూ లేడు.

ఆ అస్థిపంజరం 2002లో ఒక ఫోటోషాప్ పోటీ కోసం చేసిన బొమ్మ. అసలు ఫోటో న్యూయార్క్ దగ్గర మాస్టడాన్ అనే ఏనుగులాంటి జంతువు ఎముకలు తవ్వినప్పటిది, దాన్నే ఘటోత్కచుడని కూడా తిప్పినారు మనోళ్ళు.

నిధి మాట చూస్తేనే నాకు మండుతుంది. ఇట్లాంటి చోట్ల దొరికేది మామూలుగా కుండలు, తుప్పు పట్టిన కత్తులు, పూసలు, ఎముకలు. 10 రూపాయలు దాటే పాతిపెట్టిన వస్తువు ఏది దొరికినా కలెక్టర్‌కు చెప్పాలని 1878 నాటి చట్టమే ఉంది. రాత్రిపూట నిమ్మకాయలు కోసి గడ్డపారతో తవ్వితే పగిలేది ఆ కుండలే, చెదిరేది ఆ బొగ్గే, ఆమీద వయసు తేల్చడానికి ఏముంటుంది? మెసేజ్ కింద లొకేషన్ పెట్టినోళ్ళు ముందు అది తీసేయండప్పా.